నీళ్లు తోడే దేశం

పడవ ప్రయాణం చేసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. కర్రపడవ ఎంత గట్టిదయినా అడుగున కాస్త కాస్త నీరు ఊరుతూనే ఉంటుంది. సరంగు గడ వేస్తూంటే, పక్కన ఒక కుర్రవాడు డొప్పతోనో, చిన్న డబ్బాతోనో ఆ నీటిని తోడి బయట పారబోస్తూ ఉంటాడు. చూడటానికి అది చాలా చిన్న పని. కాని ఆ కుర్రవాడు నిద్రపోతే పడవ మునుగుతుంది.

ఒక దేశంలో నాలుగోవంతుకు పైగా అటువంటి పడవేనని చెబితే మీరు నమ్ముతారా?

యూరపులో నెదర్లాండ్సు అనే చిన్న దేశం ఉంది. మనవాళ్లకు హాలండు అన్న పేరే ఎక్కువ అలవాటు. నిజానికి హాలండు ఆ దేశంలో ఒక భాగం మాత్రమే. నెదర్లాండ్సు అంటే పల్లపు నేలలు అని అర్థం. అక్కడి జనాన్ని డచ్చివారంటారు. వాళ్లు మనకు బొత్తిగా కొత్తవాళ్లు కారు. 1605లోనే వారి వర్తకులు బందరు రేవుకు వచ్చి మన బట్టల వ్యాపారం మొదలుపెట్టారు. తెలుగువాళ్లు వారిని వలందులు అనేవారు. బందరులో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. భీమునిపట్నం వెళితే వారి పాత సమాధులు చూడవచ్చు.

ఆ దేశపు ముఖ్యనగరం ఆమ్‌స్టర్‌డామ్. దాని పక్కన స్కిపోల్ అనే పెద్ద విమానాశ్రయం ఉంది. విమానం అక్కడ దిగేసరికి మనం సముద్రమట్టానికి సుమారు 10 అడుగుల దిగువకు చేరుకుంటాం. ఏ సొరంగంలోకీ పోలేదు సుమా! పైన ఆకాశమే ఉంటుంది, చుట్టూ పచ్చిక బయళ్లే ఉంటాయి. ఇంకొక వింత వినండి. 1573లో ఇదే ప్రాంతంలో డచ్చివారి ఓడలకూ, స్పెయిన్ పక్షపు ఓడలకూ పెద్ద యుద్ధం జరిగింది. అప్పుడు ఇక్కడ విమానాశ్రయం లేకపోవటం సరే, అసలు నేలే లేదు. మహా సరస్సు ఉండేది.

ఆ సరస్సును అంత పెద్దది చేసినదీ మనుషులే, ఆఖరుకు దానిని మాయం చేసినదీ మనుషులే. అదెలాగో చెప్పాలంటే వెయ్యేళ్లు వెనక్కు వెళ్లాలి.

ఆ రోజుల్లో దేశపు పడమటి భాగమంతా పెద్ద ఊబినేల. ఆశ్చర్యమేమిటంటే, అప్పుడది పల్లం కాదు. సముద్రం కంటే కొన్ని అడుగులు ఎత్తుగానే ఉండేది. నాచూ, రెల్లూ పెరగటం, చావటం, చచ్చినది నీటిలో మునిగి కుళ్లకుండా ఒకదానిపై ఒకటి పేరుకోవటం, ఇలా వేలకొద్దీ సంవత్సరాలు జరిగి ఆ నేల తయారయింది. దానిని పీటు అంటారు. నీళ్లలో నానబెట్టిన దూదిమూట ఎలా ఉంటుందో అది అలా ఉంటుంది. లోపల నీరు ఉన్నంతకాలం గాలి తగలదు. గాలి తగలనంతకాలం అది కుళ్లదు.

రైతులు అక్కడికి వచ్చారు. ఊబిలో పంట పండదు గదా! అందుకని నేల పొడుగునా వరసగా పిల్లకాలువలు తవ్వారు. నీరు వాటిలోకి దిగి వాలున నదికి పోయింది. నేల ఆరింది. రై అనే ధాన్యం చల్లితే బాగా పండింది. ఇందులో తప్పేముంది? వాళ్ల స్థానంలో మనమున్నా అదే చేసి ఉంటాం.

అయితే మీరు ఎరువుగుంట చూశారా? పేడా, గడ్డీ గాదం, రాలిన ఆకులూ అంచుదాకా నింపి, ఆరు నెలలాగి చూస్తే గుంట సగానికి దిగి ఉంటుంది. మిగతా సగం ఎవరూ ఎత్తుకుపోలేదు. గాలి తగిలి, కంటికి కనపడని సూక్ష్మజీవులు పట్టి, చివికి, చాలావరకు గాలిలోనే కలిసిపోయింది. ఆరిన పీటుకు కూడా అదే గతి పట్టింది. తాత దున్నిన పొలం మనుమడి కాలానికి పల్లమయింది. పల్లమయితే మళ్లీ చెమ్మ చేరుతుంది. చెమ్మ చేరిందని కాలువలను ఇంకా లోతు చేశారు. లోతు చేసినకొద్దీ నేల ఇంకా కుంగింది. చివరకు ధాన్యం పండటం కష్టమయి, చాలామంది రైతులు పచ్చిక పెంచి పశువులను మేపుకోవడం మొదలుపెట్టారు. హాలండు వెన్న, హాలండు చీజు లోకమంతటా పేరు పొందినవి. నేల కుంగిపోకపోతే ఆ పేరు వచ్చేదో రాదో!

పీటుకు మరొక గుణం ఉంది. ఇటుకల్లాగా కోసి ఎండబెడితే పిడకల్లాగా మండుతుంది. ఆ దేశంలో అడవులు తక్కువ. కనుక ఇంట్లో పొయ్యికీ, చలిమంటకూ పీటే గతి అయింది. ఇంటి అవసరం అంతటితో తీరేదే. కాని 17వ శతాబ్దంలో డచ్చివారి వర్తకం ప్రపంచమంతా విస్తరించి, నగరాలు పెరిగాయి. ఇటుక బట్టీలవాళ్లకు పీటు కావాలి. బీరు కాచేవాళ్లకు పీటు కావాలి. అద్దకం పనివాళ్లకూ, చక్కెర శుద్ధిచేసే వాళ్లకూ పీటు కావాలి. పడవలనిండా ఆ నల్లని ఇటుకలే నగరాలకు సాగిపోయేవి.

పైపై పీటు అయిపోయాక నీటి అడుగున ఉన్నదాన్ని కూడా వదలలేదు. పొడుగాటి కర్రకు ఇనుప చట్రమూ, దానికొక వలసంచీ తగిలించి, అడుగునున్న బురదను దేవి పైకి తీసేవారు. దానిని సన్నని గట్లమీద పరిచి, కాళ్లకు చెక్కపలకలు కట్టుకుని తొక్కి, ఆరిన తరవాత ముక్కలు కోసేవారు. తవ్వినచోటల్లా నీరు నిలిచి మడుగులయింది. మడుగుల నడుమ మిగిలిన సన్నని గట్లను గాలివాన వచ్చినప్పుడు అలలు కొరికేసేవి. మడుగూ మడుగూ కలిసి చెరువు, చెరువూ చెరువూ కలిసి సరస్సు! పొయ్యిలో కాలి బూడిదయినది ఏమిటనుకున్నారు? ఆ ఊరి పొలమే.

ఆమ్‌స్టర్‌డామ్, హార్లెం, లైడెన్ నగరాల మధ్య ఉన్న హార్లెం సరస్సు ఇలాగే గట్లను తింటూ పెరిగింది. ఒడ్డున ఉన్న ఊళ్లు కొన్ని దాని నోట్లో పడిపోయాయి. జనం దానికి నీటితోడేలు అని పేరు పెట్టారు.

ఇంతలో పక్కనే సముద్రం ఉంది గదా, అదేం చేస్తోందని మీరు అడగవచ్చు. నేల దిగిపోతుంటే సముద్రం చూస్తూ ఊరుకోదు. అందుకని డచ్చివారు పొలాల చుట్టూ, నదుల వెంబడి, తీరం పొడుగునా మట్టికట్టలు పోశారు. కట్ట ఒక్కడివల్ల నిలిచేది కాదు. ఒక రైతు తన వాటా కట్టను బాగుచేయకపోతే గండి అక్కడే పడుతుంది, కాని మునిగేది అందరి పొలాలూ. మన పల్లెల్లో కూడా చెరువుకట్టకు ఇంటికొక మనిషి వెళ్లి మట్టి వేసే ఆచారం ఉండేదని మీ తాతగారినడిగితే చెబుతారు. డచ్చివారు ఈ పనికోసం 13వ శతాబ్దం నాటికే నీటి సంఘాలు పెట్టుకున్నారు. కట్ట పని చేయలేనివాడు తన పారను కట్టమీద గుచ్చి వెళ్లిపోవాలి. ఆ పారను పెరికినవాడికి పొలమూ దక్కుతుంది, కట్ట బాధ్యతా దక్కుతుంది. చూడటానికి ఇది క్రూరమైన న్యాయం. పాపం, పార గుచ్చి పెళ్లాం బిడ్డలతో వెళ్లిపోయినవాడు ఎక్కడికి పోయాడో! కాని గండి పడితే వచ్చే నీరు అంతకంటె క్రూరమైనది. ఆ సంఘాలు నేటికీ ఉన్నాయి. ఇప్పుడు వాటి సంఖ్య 21. వాటికి నాలుగేళ్లకొకసారి ప్రజలు ఓట్లు వేసి సభ్యులను ఎన్నుకుంటారు.

కట్టకు చిల్లి పడితే రాత్రంతా వేలు అడ్డంపెట్టి ఊరిని కాపాడిన హాలండు కుర్రవాడి కథ మీలో చాలామంది చదివే ఉంటారు. మీకు నిరుత్సాహం కలిగించడం నాకు ఇష్టం లేదు గాని, ఆ కథ జరిగినది కాదు. 1865లో ఒక అమెరికా రచయిత్రి రాసిన పుస్తకం వల్ల అది లోకమంతా పాకింది. మట్టికట్టకు సన్నని చిల్లి పడి నీరు ధారకట్టడం అరుదు. కట్ట నీరు తాగి, మెత్తబడి, ఒక్కసారిగా జారుతుంది. దానికి వేలు చాలదు. ఏం చాలుతుందో తరవాత చెబుతాను.

కట్టలు బయటి నీటిని ఆపగలవు. లోపల కురిసిన వాన, ఊరిన ఊట ఎలా పోవాలి? పొలం నదికంటె దిగువన ఉన్నప్పుడు నీరు తనంతట తాను పైకి ఎక్కదు. మనవాళ్లు ఇటువంటి చోట ఏతం వేస్తారు, గూడ వేస్తారు. డచ్చివారు 15వ శతాబ్దంలో గాలిమరలకు ఈ పని అప్పగించారు. సముద్రపు గాలికి నాలుగు రెక్కలు తిరుగుతాయి. ఆ తిప్పుడు పళ్లచక్రాల గుండా కిందికి దిగి, రేకులున్న పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. ఆ రేకులు కాలువలోని నీటిని కొట్టి కొట్టి ఎగువకు తోస్తాయి. ఒక మర నీటిని సుమారు 5 అడుగులకంటె ఎక్కువ ఎత్తలేదు. మరి 10, 15 అడుగులు ఎత్తాలంటే? మెట్లు కట్టినట్టు వరసగా మూడు నాలుగు మరలు నిలబెట్టేవారు. మొదటి మర రెండవదానికి అందిస్తుంది, రెండవది మూడవదానికి అందిస్తుంది. ఇల్లు అంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి బిందెలు అందించుకుంటారు చూడండి, అలా అన్నమాట.

ఈ మరలతో వాళ్లు ఉన్న పొలాలను కాపాడుకోవటమే కాదు, సరస్సులనే ఎండగట్టడం మొదలుపెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన బేమ్‌స్టర్ అనే సరస్సు ఉండేది. 1607లో పని మొదలయింది. ఇంచుమించు ఎండిపోయిందనగా 1610లో తుపాను వచ్చి కట్ట తెగి, సరస్సు మళ్లీ నిండింది. మనమయితే నుదురు కొట్టుకుని ఇంటికి పోదుము. వాళ్లు కట్టను ఎత్తుచేసి, మళ్లీ మొదటినుంచి తోడారు. నలభైకి పైగా గాలిమరలు పనిచేయగా 1612లో సుమారు 17,000 ఎకరాల నేల బయటపడింది. దీనికి డబ్బు పెట్టినవారు ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులు. తూర్పుదేశాల వర్తకానికి ఓడలు పంపిన డచ్చి కంపెనీ స్థాపకులలో ఒకడైన డిర్క్ వాన్ ఓస్ వారిలో ముఖ్యుడు. బందరుకు ఓడలు పంపినది ఆ కంపెనీయే.

హార్లెం సరస్సు మాత్రం గాలిమరలకు లొంగలేదు. లేగ్‌వాటర్ అనే మరల నిపుణుడు 160 గాలిమరలతో దానిని ఎండగట్టవచ్చునని 1641లో పుస్తకం రాశాడు. ఆయన పేరుకు ఖాళీ నీరు అని అర్థం చెప్పుకోవచ్చు. పేరుకు తగిన మనిషి! కాని అంత ఖర్చుకు ఎవరూ ముందుకు రాలేదు. రెండు వందల ఏళ్లు గడిచాయి. 1836 నవంబరులో పెనుగాలి లేచి సరస్సు నీటిని ఆమ్‌స్టర్‌డామ్ ముంగిటిదాకా తోసింది. మరుసటి నెలలో గాలి మరొక దిక్కునుంచి వీచి, లైడెన్ వీధుల్లోకి నీరు వచ్చింది. ఇంక లాభం లేదని ప్రభుత్వం పూనుకుంది.

ఈసారి గాలిని నమ్ముకోలేదు. ఆవిరిని నమ్ముకున్నారు. వేలమంది కూలీలు 1840లో మొదలుపెట్టి సరస్సు చుట్టూ సుమారు 60 కిలోమీటర్ల కాలువ తవ్వి, ఆ మట్టితో కట్ట పోశారు. గట్టుమీద మూడు చోట్ల ఇంగ్లండులో చేయించిన మహా యంత్రాలను నిలబెట్టారు. ఒకదానికి లేగ్‌వాటర్ పేరే పెట్టారు. క్రూకియస్ అనే యంత్రం ఇప్పటికీ ప్రదర్శనశాలగా ఉంది. దాని ఆవిరి గొట్టం అడ్డకొలత 12 అడుగులు! గుండ్రని భవనం గోడలనుంచి ఎనిమిది ఇనుప దూలాలు ఏతపు మానుల్లా బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి. అవి ఒక్కసారి లేచి దిగితే 64,000 లీటర్ల నీరు పైకి వచ్చేది. నిమిషానికి అయిదుసార్లు ఆడేవి. అలా మూడేళ్లకు పైగా తోడగా, 1852 జూలైకి సరస్సు అడుగు కనిపించింది. సుమారు 45,000 ఎకరాలు!

1852 అనగానే గోదావరి ఒడ్డు పిల్లలకు ఏమయినా జ్ఞాపకం వచ్చిందా? ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినది కూడా ఆ సంవత్సరమే. అక్కడ నేలమీది నీటిని బయటికి తోశారు. ఇక్కడ నదిలోని నీటిని నేలమీదికి మళ్లించారు.

స్కిపోల్ విమానాశ్రయం ఉన్నది ఆ సరస్సు అడుగునే. కట్టమీదికి ఎక్కి చూస్తే, ఒకవైపు కాలువలో పడవలు ఎత్తున పోతుంటాయి, రెండవవైపు దిగువన ఇళ్ల కప్పులు కనిపిస్తుంటాయి.

తరవాత జుయిడర్ జీ అనే సముద్రపు చీలికకే అడ్డుకట్ట వేశారు. 1916లో వరద వచ్చాక లేలీ అనే ఇంజనీరు పథకాన్ని ప్రభుత్వం ఆమోదించింది. 32 కిలోమీటర్ల కట్ట 1932లో మూసుకుంది. లోపలి ఉప్పునీరు కొద్ది ఏళ్లలో మంచినీటి సరస్సయింది. అందులోంచి కొత్త భూములు తీశారు. దుక్కి దున్నుతుంటే నాగలికి పాత ఓడల చెక్కలు తగిలాయి. ఇంతవరకు నాలుగు వందలకు పైగా ఓడల శిథిలాలు బయటపడ్డాయట! రైతులకు పండుగే. కాని ఆ ఉప్పునీటిలో చేపలు పట్టి బతికిన పల్లెల మాటేమిటి? ఉప్పునీటి చేపలు పోయాయి. తాతముత్తాతలనాటి వలలు ఇంటి అటకమీదికెక్కాయి. ప్రభుత్వం సహాయమేదో చేసింది గాని, సముద్రం పోయినవాడికి మరో సముద్రం ఇవ్వడం ఎవరి తరం?

1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో తుపాను పుట్టింది. పౌర్ణమి దాటిన పోటు ఒకపక్క, పెనుగాలి ఒకపక్క కలిసి నైరుతి ప్రాంతపు కట్టలను చాలాచోట్ల తెంచాయి. జనం నిద్రలో ఉన్నారు. 1,836 మంది చనిపోయారు. ఆ రాత్రే నీయువర్‌కెర్క్ అనే ఊరివద్ద నదికట్టకు గండి పడింది. దాని వెనక ఉన్నది దేశంలోకెల్లా పల్లపు ప్రాంతం, లక్షలాది జనం ఉండే ప్రాంతం. ఊరి పెద్ద ఒక పడవ సరంగును పిలిచి, నీ పడవను ఆ గండిలోకి తోలమన్నాడు. పడవ పేరుకు అర్థం ఇద్దరన్నదమ్ములు. నీటి వేగానికి పడవ గండిలోంచి అవతలికి దూకి పొలంలో పడితే సరంగు బతకడు. అతడు నేర్పుగా పడవను అడ్డంగా తిప్పి, తలుపు మూసినట్టు గండికి చేర్చాడు. కట్ట నిలిచింది. వేలు చాలదన్నాను చూడండి, పడవ చాలింది!

ఆ తుపాను తరవాత నైరుతి నదీముఖాలను చాలావరకు మూసెయ్యాలని నిర్ణయించారు. చాలా మూశారు. ఆఖరుకు తూర్పు స్కెల్ట్ అనే పెద్ద ముఖద్వారం మిగిలింది. దానినీ గట్టి కట్టతో మూసెయ్యబోతుంటే అక్కడి ఆల్చిప్పల జాలరులు, పక్షులను ప్రేమించేవాళ్లు అడ్డు చెప్పారు. పోటూ పాటూ లేకపోతే ఉప్పునీటి జీవాలు చస్తాయన్నారు. ఏళ్లతరబడి తగవు జరిగింది. మాకు చావులు గుర్తున్నాయని ఒకరు, మాకు బతుకులు కావాలని ఒకరు. జుయిడర్ జీ జాలరుల మాట ఎవరూ వినలేదు గాని, ఈసారి విన్నారు. గట్టి కట్టకు బదులు 62 ఉక్కు తలుపులు పెట్టారు. మామూలు రోజుల్లో అవి పైకెత్తి ఉంటాయి. పోటు లోపలికి వస్తుంది, పోతుంది. తుపాను వచ్చినప్పుడు మాత్రమే దించుతారు. ఖర్చు చాలా ఎక్కువయింది. 1986లో అది పూర్తి అయింది. నన్నడిగితే వాళ్లు కట్టినవాటిలో ఇదే గొప్పది. సముద్రాన్ని ఓడించినందుకు కాదు, దానికి తలుపు తెరిచి ఉంచినందుకు.

ఇక మళ్లీ పొయ్యి దగ్గరికి వద్దాం. పీటు పోయి బొగ్గు వచ్చింది. 1959లో దేశపు ఈశాన్యాన గ్రోనింగెన్ ప్రాంతంలో, ఒక పల్లె పొలాల కింద సహజవాయువు దొరికింది. యూరపులో అంత పెద్ద వాయు నిక్షేపం మరి లేదు. పదేళ్లు తిరక్కుండా దాదాపు ప్రతి ఇంటికీ గొట్టాల ద్వారా ఆ వాయువు చేరింది. బొగ్గు గనులతో పని లేకపోయి, చివరి గని 1974లో మూతపడింది. పొగ లేదు, బూడిద లేదు. పీటు తవ్విన తాతల చాకిరీ ఏమీ లేదు. కాని నేలకు లెక్క తెలుసు. లోతున రాతి రంధ్రాల్లోంచి వాయువు పోయినకొద్దీ ఆ రాయి పైబరువుకు నలిగింది. పైన నేల ఒక అడుగుకు పైగా కుంగింది. ఎన్నడూ భూకంపం ఎరగని పల్లెల్లో భూమి అదరడం మొదలయింది. 2012 ఆగస్టులో హైజింగే అనే ఊరిదగ్గర వచ్చినదే వాటిలో పెద్దది. వేలాది ఇళ్లు బీటలు వారాయి. వాయువు దేశమంతా కాల్చుకుంది, బీటలు మాత్రం గ్రోనింగెన్ గోడలకే పడ్డాయి. తమ మాట వినడానికి అంతకాలం పట్టిందేమని అక్కడివాళ్లు ఇప్పటికీ అడుగుతారు. 2023 అక్టోబరులో ఆ బావులనుంచి వాయువు తియ్యడం ఆపారు. మరుసటి ఏడు చట్టం చేసి శాశ్వతంగా మూసేశారు. ఇప్పుడు ఉత్తర సముద్రంలో పెద్ద పెద్ద గాలిమరలు వరసగా నిలబెట్టి కరెంటు తీస్తున్నారు. పాత మరలకు నాలుగు రెక్కలు, కొత్తవాటికి మూడు.

పాతవి కూడా బొత్తిగా మూలపడలేదు. కిండర్‌డైక్ అనేచోట 19 గాలిమరలు ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధంలో నూనె దొరకక పంపులు ఆగినప్పుడు వాటినే మళ్లీ తిప్పి నీరు తోడారు.

ఇంత జరిగినా పీటునేల కుంగడం మాత్రం ఆగలేదు. పచ్చిక బయళ్లు కొన్నిచోట్ల ఇప్పటికీ ఏడాదికి ఒక సెంటీమీటరు దాకా దిగుతున్నాయి. చివికే పీటునుంచి బొగ్గుపులుసు వాయువు లేచి, భూగోళాన్ని వేడెక్కించే వాయువులలో చేరుతోంది. భూగోళం వేడెక్కితే సముద్రం పెరుగుతుంది. నేల దిగుతోంది, నీరు ఎక్కుతోంది. మరి కాలువల్లో నీటిమట్టం పెంచి పీటును మళ్లీ తడిపితే సరిపోదా? సరిపోతుంది, కాని పొలంలో ఆవుల కాళ్లు దిగబడతాయి, ట్రాక్టరు దిగబడుతుంది. తగ్గిస్తే నేల కుంగుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత ఇళ్లు చెక్క గుంజలమీద నిలిచి ఉన్నాయి. అక్కడి రాజభవనం కిందనే 13,659 గుంజలున్నాయి. అవి నీటిలో మునిగి ఉన్నంతకాలం చెక్కుచెదరవు. నీరు తగ్గి గాలి తగిలిందా, కుళ్లుతాయి. కనుక నీరు ఎంత ఎత్తులో ఉండాలన్నది అక్కడ ప్రతి ఊళ్లోనూ తగవే. ఆ నీటి సంఘాల ఎన్నికలు ఊరికే జరగవు.

1995 జనవరి నెలాఖరులో సముద్రం కాదు, నదులే పొంగాయి. కట్టలు ఆగుతాయో ఆగవో అని సుమారు రెండున్నర లక్షలమందిని ఇళ్లనుంచి తరలించారు. కట్టలను ఇంకా ఇంకా ఎత్తు చేయడమేనా అని ఆలోచించి, ఈసారి ప్రభుత్వం తలకిందుల పని చేసింది. 2006 మొదలు ముప్పైకి పైగా చోట్ల కట్టలను వెనక్కు జరపడం, నది ఒడ్డు తగ్గించడం వంటి పనులు చేసి, నదికి చోటిచ్చింది.

అలా చోటివ్వవలసిన వాటిలో ఓవర్‌డీప్ అనే పొలాల ప్రాంతం ఒకటి. అక్కడి పాడిరైతులు కూర్చుని ఆలోచించుకుని, తామే ఒక ఉపాయం చెప్పారు. ముందువైపు కట్టను తగ్గించండి, వరద మా పొలాల మీదుగా పోనివ్వండి, మేము ఎత్తయిన దిబ్బలు పోసుకుని వాటిమీద ఉంటాం అన్నారు. రెండున్నరవేల ఏళ్ల కిందట, కట్టలు ఇంకా తెలియని కాలంలో, ఆ దేశపు ఉత్తర తీరంలో జనం సరిగ్గా అలాగే దిబ్బలు పోసుకుని బతికేవారు. దిబ్బలమీద అందరికీ చోటు చాలలేదు. సుమారు సగం కుటుంబాలు పొలాలు వదిలి వేరే చోటికి వెళ్లిపోయాయి. మిగిలినవారి కొత్త ఇళ్లూ, పశువుల కొట్టాలూ ఇప్పుడు ఆ దిబ్బలమీద ఉన్నాయి. మామూలు రోజుల్లో ఆవులు కింది పచ్చికలో మేస్తాయి. నది పొంగిన రోజున కొట్టంలోనే ఉండి, తమ మేత బీటిమీద నీరు పోతూంటే చూస్తూ నెమరువేసుకుంటాయి.